జాలరి భార్యతో మొదలుపెట్టు

రోలుగుంట

చిరంజీవి అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

నీ కథ మొదటి భాగం అందింది. లోయిస్ లౌరీ రాసిన ‘నంబర్ ద స్టార్స్’ చదివి, డెన్మార్క్‌లో యూదులను జాలర్లు సముద్రం దాటించిన సంగతి మన పిల్లలకి తెలుగులో చెప్పాలనుకోవడం నాకు నచ్చింది. నచ్చనిదల్లా నీ జాలరి. వాణ్ణి దేవుణ్ణి చేసేశావు. భయం లేదు, బేరం లేదు, ఇంట్లో పెళ్ళాంతో ఒక మాటామాటా లేదు.

నాజీలు యూదులను పట్టుకుపోతారన్న కబురు 1943 సెప్టెంబరు చివర్లో డక్విట్జ్ అనే జర్మన్ దౌత్యాధికారి ద్వారానే ముందుగా పొక్కింది. కొద్ది వారాల్లో 7,200 మంది దాకా సముద్రం దాటి స్వీడన్ చేరారు. పడవలవాళ్ళు కొందరు బాగానే సొమ్ము అడిగారు. అడగరా మరి? దొరికితే పడవ పోతుంది, మనిషి జైలుకి పోతాడు. ఇచ్చుకోలేనివాళ్ళ కోసం మిగతావాళ్ళు చందాలు పోగుచేశారు. ఇదంతా రాయి. గిలెలాయె అనే రేవులో చర్చి అటక మీద దాక్కున్న 80 మంది దాకా పట్టుబడ్డారు. అదీ రాయి. పిల్లలు తట్టుకోలేరంటావేమో! పూతన పాలిచ్చి చంపబోయిన కథ వింటూ అన్నం తినే పిల్లలమ్మా వాళ్ళు.

ఇంకోటి. నీ కథలో యూదులందరికీ పసుపు నక్షత్రం గుడ్డ కుట్టించావు. డెన్మార్క్‌లో ఆ గుర్తు పెట్టించలేదు, తీసెయ్.

లౌరీ పుస్తకంలో జర్మన్ సైనికులు ఇంట్లోకొచ్చి, అక్కడ కూతురిగా చెప్పి దాచిన యూదు పిల్లని చూసి, ఈ పిల్ల జుట్టొకటే నల్లగా ఉందేమని అడుగుతారు చూడు. తండ్రి ఆల్బంలోంచి, చనిపోయిన పెద్దకూతురి చంటిప్పటి ఫొటో చింపి చూపిస్తాడు. అందులో ఆ బిడ్డకి నల్లజుట్టే. అలాంటి పని ఒక్కటి దొరికితే ధైర్యం గురించి నువ్వు పేరా రాయక్కర్లేదు. నీ యూదు పిల్లకి కూడా ఏదో ఒక పని పెట్టు. ఏడవడం, దండం పెట్టడం తప్ప ఆ పిల్ల చేసిందేమీ లేదు.

దీన్నే మన్యానికి మార్చి, అల్లూరి మనుషులకి తిండిపెట్టిన ఇంటి కథగా రాయనా అని అడిగావు. రాయి, కానీ వేరే కథగా. సీతారామరాజు దళం 1922 ఆగస్టు 23న మన కృష్ణదేవిపేట స్టేషన్ మీద పడింది తుపాకుల కోసం. వాళ్ళు తిరగబడ్డవాళ్ళు. ఈ యూదు పిల్ల ఎవరిమీదా తిరగబడలేదు, పుట్టిందంతే. రెండూ కలిపితే రెండూ చెడతాయి. దాచిన ఇంటి అవస్థ మాత్రం ఎక్కడైనా ఒకటే. వేళగాని వేళ పొయ్యి ఎందుకు వెలిగించారని పక్కింటావిడ అడిగితే ఏం చెప్పాలి? ఇంట్లో చంటిది నోరు జారితే?

అందుకే కథ జాలరితో కాదు, వాడి భార్యతో ఎత్తుకో. పొద్దున కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ వీధి గుమ్మం వైపు చూస్తుండనీ ఆవిణ్ణి. తిరగరాసి పంపు. ఈసారి కాగితానికి ఒకవైపే రాయి తల్లీ, ఇంకు అవతలికి ఊరితే నా కళ్ళకి అక్షరాలు ఆనడం లేదు.

ఇట్లు
మీ తాతయ్య