కొత్త ల్యాప్‌టాప్ కాలిపోతోంది!

ప్రశ్న: కొని నెల కూడా కాలేదండీ. గేమ్ పెడితే గ్రాఫిక్స్ కార్డు 86 డిగ్రీలు చూపిస్తోంది. పాడైపోతుందా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హనుమకొండ

జవాబు: కంగారు పడకండి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ఆట నడుస్తుండగా 80 నుంచి 87 డిగ్రీలు మామూలే. హద్దు దాటితే కార్డు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. బొమ్మ ఆగి ఆగి కదిలేది అప్పుడే.

అసలు సంగతి మన ఎండ. ఫ్యాన్లు లోపలికి లాగేది గదిలోని గాలినే కదా! మే నెలలో వరంగల్‌లో 40 దాటుతుంది. 25 డిగ్రీల ఏసీ గదితో పోలిస్తే చిప్ కూడా దాదాపు 15 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. పైగా హాస్టల్ పిల్లలు పరుపు మీద పెట్టుకుని ఆడతారు, అడుగున ఉన్న గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. దయచేసి ఆ అలవాటు మానండి. బల్ల మీద పెట్టి, వెనక వైపు కాస్త ఎత్తండి. గేమ్ సెట్టింగుల్లో ఫ్రేమ్ రేటును 60కి కట్టడి చేయండి, వేడి బాగా దిగుతుంది.

ఏ పనీ చేయనప్పుడు కూడా 70 దాటుతున్నా, ఆట నడుస్తుండగా ఫ్యాన్ తిరగకపోయినా అది లోపమే. మీరు విప్పొద్దు. బిల్లు పట్టుకుని సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. అక్కడ పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.