మన పవర్ సప్లై – కట్టడం, చెడితే చూడడం

పోయిన పత్రికలో వేప గింజల గురించి రాసినారు, బాగుంది. ఈసారి కరెంటు పాఠం రాయమని ఫిజిక్స్ మేడం నన్ను అన్నది. కిట్టు కట్టింది మేమిద్దరం, నేనూ నా బెంచీ దోస్తు. కాని రాసేది నేను, ఎందుకంటే తప్పు చేసింది ఎక్కువ నేనే. అది కూడా దాచకుండా రాస్తాను.

ముందు ఎందుకు కట్టినామో చెప్తాను. మా బాపు దగ్గర ఒక రేడియో ఉన్నది. నాలుగు పెద్ద సెల్లులు వేస్తే నడుస్తది. ఒక్కో సెల్లు ఒకటిన్నర వోల్టు, నాలుగు కలిస్తే 6 వోల్టులు. సెల్లులు అయిపోతే బాపు వాటిని ఎండలో పెడతాడు, ఇంకొక్క రోజు పాడుతదేమోనని. దసరా సెలవులు అయినాక నేను హాస్టల్‌కు వచ్చేటప్పుడు "చదువుకునే పిల్ల దగ్గర ఉండాలె" అని దాన్ని నా సంచిలో పెట్టినాడు. ఇప్పుడు ఊర్లో బాపుకు రేడియో లేదు. ఇక్కడ అది పాడైతే నేను ఇంటికి ఏ ముఖం పెట్టుకొని పోవాలి? అందుకే నాకు ఈ పాఠం మార్కుల పాఠం కాదు.

గోడ ప్లగ్గులో వచ్చేది 230 వోల్టులు. అది మనిషిని చంపుతది. పైగా అది నిలకడగా ఒక వైపు పోయే కరెంటు కాదు, సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతది. రేడియోకు కావలసింది 6 వోల్టులు, అదీ ఒకే దిక్కుకు. ఈ రెండింటి మధ్య నిలబడేదే పవర్ సప్లై.

మొదట ట్రాన్స్‌ఫార్మరు. మా కిట్టులోనిది 230ని 15 వోల్టులకు దించుతది, 1 ఆంపియరు ఇస్తది. దాని తర్వాత నాలుగు డయోడులు, పేరు 1ఎన్4007. డయోడు అంటే ఒక వైపుకే తెరుచుకునే తలుపు. నాలుగింటినీ చతురస్రంగా కలిపితే కరెంటు ఎటు నుంచి వచ్చినా ఒకే దారిన బయటికి పోతది. డయోడు నల్లగా ఉంటది, ఒక కొసన వెండి గీత ఉంటది. ఆ గీత ఏ వైపు అన్నదే ముఖ్యం, మిగతాది ఏం చూడనవసరం లేదు.

డయోడుల నుంచి వచ్చే కరెంటు ఎగుడుదిగుడుగా ఉంటది. దాన్ని పెద్ద కెపాసిటరులో పోస్తాం. 2200 మైక్రోఫారడులు, 35 వోల్టులు అని దాని మీద రాసి ఉంటది. బోరు కొడుతుంటే నీళ్ళు దడదడ ఆగి ఆగి పడతాయి కదా, అవి గోలెంలో పడితే గోలెం కింది నల్లా మాత్రం ఒకే ధారగా వస్తది. అట్లనే ఇది. కెపాసిటరుకు కూడా ప్లస్సు మైనస్సు ఉన్నాయి, తిరగేసి పెడితే పేలుతది. మేడం పేలిన ఒకదాన్ని డబ్బాలో దాచి పెట్టింది, అడిగితే చూపిస్తది.

ఇక్కడ చాలామంది ఒకటి అడుగుతారు, నేనూ అడిగినాను. ట్రాన్స్‌ఫార్మరు 15 ఇస్తే కెపాసిటరు మీద మీటరు 21 ఎందుకు చూపిస్తది? 15 అన్నది ఊగే కరెంటుకు ఒక రకం సగటు. దాని కొన 15ను 1.414తో గుణిస్తే వస్తది, అంటే 21.2. కెపాసిటరు కొన దాకా నిండుతది. డయోడుల జంట దగ్గర 1.4 పోతది, కాని బరువు లేనప్పుడు ట్రాన్స్‌ఫార్మరు 15 కన్నా కొంచెం ఎక్కువే ఇస్తది. అందుకే మాకు 21.4 వచ్చింది.

ఇప్పుడు అసలు మొనగాడు, ఎల్.ఎం. 317. మూడు కాళ్ళ చిన్న ముక్క, వీపున లోహపు రేకు. దీన్ని 1976లో అమెరికాలో బాబ్ డాబ్కిన్ అనే ఇంజనీరు తయారు చేసినాడు. అక్షరాలు మన వైపు పెట్టి చూస్తే ఎడమ కాలు అడ్జస్టు, నడిమి కాలు అవుట్, కుడి కాలు ఇన్. దీనికి ఒక్కటే పంతం. అడ్జస్టు కాలు ఎంత ఎత్తున ఉంటే, అవుట్ కాలును దానికి సరిగ్గా 1.25 వోల్టులు పైన ఉంచుతది. అవ్వ నెత్తి మీద బిందె పెట్టుకొని గట్టు ఎక్కిందనుకోండి. బిందె నెత్తి మీదనే ఉంటది, కాని నేల నుంచి చూస్తే పైకి పోయింది. అడ్జస్టు కాలు అవ్వ నెత్తి, అవుట్ బిందె. గట్టు ఎత్తు మార్చే పని పాట్‌ది, అంటే మనం తిప్పే గుండీది.

అవుట్‌కూ అడ్జస్టుకూ మధ్య 220 ఓమ్‌ల రెసిస్టరు. అడ్జస్టుకూ మైనస్సుకూ మధ్య 2200 ఓమ్‌ల పాట్. లెక్క ఇట్లా చేయాలి. పాట్ ఓమ్‌లను 220తో భాగించి, ఒకటి కలిపి, 1.25తో గుణించాలి. పాట్ సున్నా మీద ఉంటే 1.25 వోల్టులు. మొత్తం తిప్పితే 2200ని 220తో భాగిస్తే 10, ఒకటి కలిపితే 11, గుణిస్తే 13.75. మాకు 6 కావాలి. 6ను 1.25తో భాగిస్తే 4.8, ఒకటి తీసేస్తే 3.8, 220తో గుణిస్తే 836 ఓమ్‌లు. ఓమ్ నియమం 10వ తరగతిలో వస్తది, తెలియకపోతే అక్కలను అడగండి, కోప్పడరు.

కిట్టుతో వచ్చిన కాగితం మొత్తం ఇంగ్లీషు. డిక్షనరీ పెట్టుకొని రెండు రాత్రులు చదివినాం. పని పంచుకున్నాం. డయోడులు, కెపాసిటర్లు దోస్తు సోల్డరింగ్ చేసింది. 317, రెసిస్టరు, పాట్ వైర్లు నేను చేసినాను.

మొదటిసారి కరెంటు నేరుగా ఇవ్వలేదు. మేడం ఒక చెక్క మీద 60 వాట్ల పాత బల్బును సీరీస్‌లో కట్టింది. ప్లగ్గు నుంచి కరెంటు ఆ బల్బు గుండా మన కిట్టుకు పోవాలి. కిట్టు బాగుంటే బల్బు వెలగదు, లేకపోతే ఒక్క క్షణం మెరిసి ఊరుకుంటది. లోపల ఎక్కడన్నా షార్టు ఉంటే బల్బు వెలుగుతనే ఉంటది, కిట్టు మాత్రం కాలదు. ఎలక్ట్రిక్ పని చేసే అన్నలందరికీ తెలిసిన ఉపాయం ఇది. మాది వెలిగింది. ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమన్నది. మేడం వెంటనే ప్లగ్గు తీసింది.

చూస్తే ఒక డయోడు వెండి గీత తిరగబడి ఉన్నది. నాలుగు తలుపుల్లో ఒకటి తప్పు వైపు తెరుచుకుంటే కరెంటు బయటికి పోకుండా లోపలే చుట్టు తిరిగి షార్టు అయితది. అది దోస్తు చేసిన డయోడు. నేను అందరి ముందర "కండ్లు ఎక్కడ పెట్టినవ్?" అన్నాను. అది ఏం మాట్లాడలేదు. ఆ పూట బువ్వ కాడ నా పక్కన కూర్చోలేదు.

డయోడు మార్చినాం. ఈసారి బల్బు వెలగలేదు, ఎల్.ఇ.డి. వెలిగింది. మీటరు పెట్టినాం. అవుట్ 19.8! గుండీ తిప్పినా 19.8, పూర్తిగా వెనక్కి తిప్పినా 19.8. ఆ రోజు నేను రేడియో వైరు ముందే తగిలించి ఉంటే 6 వోల్టుల రేడియోకు 19.8 పోయేది. ఇప్పటికీ తలచుకుంటే చేతులు చల్లబడతాయి. మీటరు పెట్టనిది ఏ వస్తువూ తగిలించొద్దు.

నేను ఏమన్నానంటే, డయోడు తిరగబెట్టినందుకే 317 కాలిపోయిందని. మళ్ళీ దోస్తు మీదికే. మేడం కొత్త 317 తెప్పించింది. వారం ఆగినాం. పాతది తీసి కొత్తది పెట్టినాం. మీటరు 19.8 అన్నది.

రెండు 317లు ఒకే తీరుగా చెడిపోవు కదా. అప్పుడు మేడం, "ముక్కను తిట్టకు, ముక్కను అడుగు" అని మీటరు నా చేతికిచ్చింది. దాని పంతం ఏంది? అవుట్‌కూ అడ్జస్టుకూ మధ్య 1.25. నల్ల పిన్ను అడ్జస్టు మీద, ఎర్ర పిన్ను అవుట్ మీద పెట్టినాను. 0.01 చూపించింది.

ఇక్కడ నెమ్మదిగా చదవండి, ఇదే ఈ పాఠంలో గట్టి సంగతి. ఆ రెండు కాళ్ళ మధ్య ఉన్నది 220 ఓమ్‌ల రెసిస్టరు. దాని మీద 1.25 ఉండాలంటే దాని గుండా 5.7 మిల్లీఆంపియర్లు పోవాలి. 0.01 మాత్రమే ఉన్నదంటే దాని గుండా దాదాపు ఏమీ పోతలేదు. రెసిస్టరు బాగానే ఉన్నది, ప్లగ్గు తీసి కొలిస్తే 219 వచ్చింది. మరి కరెంటు ఎందుకు పోతలేదు? కింద దారి తెగింది కాబట్టి. రెసిస్టరు కింద ఉన్నది పాట్. పాట్ దారి తెగితే అడ్జస్టు కాలు నేలకు కట్టి లేదు, దారం తెగిన గాలిపటం. 317 అవుట్‌ను పైకి లేపుతది, దానితో అడ్జస్టు కూడా లేస్తది, మళ్ళీ లేపుతది, ఇక పైకి పోయేందుకు వోల్టులు లేనంత దాకా పోతది. 21.4లో తన కోసం ఉంచుకున్నది పోను 19.8.

పాట్ నడిమి కాలు వైరును వేలితో కదిపినాను, ఊడి చేతికొచ్చింది. సోల్డరింగ్ మెరుపు లేకుండా బూడిద రంగులో ఉండలాగా ఉన్నది. కాలును వేడి చేయకుండా సీసాన్నే కరిగించి పైన వేసినాను, అంటుకున్నట్లు కనిపించింది కాని అంటలేదు. అది నేను చేసిన అతుకు. కొత్త 317 దండుగ, వారం దండుగ, దోస్తును అన్న మాటలు కూడా.

కాలునూ వైరునూ రెండింటినీ కలిపి మూడు లెక్కపెట్టేదాకా వేడి చేసి, అప్పుడు సీసం తాకించినాను. తడిసినట్లు పాకి మెరిసింది. మీటరు 1.25 నుంచి 13.7 దాకా గుండీ చెప్పినట్లు విన్నది.

తర్వాత వేడి సంగతి. 6 వోల్టుల టార్చి బల్బు పెట్టి చూసినాం, 0.3 ఆంపియర్లు తీసుకున్నది. లోపల 21.4 కాస్తా 19కి దిగింది. 19లో 6 తీసేస్తే 13, దాన్ని 0.3తో గుణిస్తే 3.9 వాట్లు. అదంతా 317 ఒంట్లోనే వేడిగా మారుతది. అల్యూమినియం రేకు బిగించకుంటే చెయ్యి పెట్టలేం. మరీ వేడెక్కితే అది తనంతట తానే ఆగిపోతది, చల్లారినాక మళ్ళీ వస్తది. చెడిపోయిందని పారేయకండి. ఇంకొకటి, దాని వీపు రేకు లోపల అవుట్ కాలుతో కలిసి ఉంటది. ఇనుప డబ్బాకు నేరుగా బిగించొద్దు, మధ్యన అభ్రకం ముక్క పెట్టి, స్క్రూకు ప్లాస్టిక్ వాషరు వేయాలి.

రేడియోకు గుండీ సప్లై ఇవ్వడానికి నాకు ధైర్యం రాలేదు. ఎవరన్నా చిన్న చెల్లి గుండీ తిప్పితే? నా అతుకు మళ్ళీ ఊడితే? మేడంతో అంటే, గుండీ లేకుండా ఇంకొకటి కట్టమన్నది. పాత 317 ఉన్నది కదా, కాలిపోయిందని నేను తీసేసినది. అది కాలలేదు. దాన్నే పెట్టి, పాట్ బదులు 820 ఓమ్‌ల రెసిస్టరు కదలకుండా అతికినాం. లెక్క చేస్తే 5.91 వోల్టులు. మీటరు 5.93 చూపించింది. రెండు 317లకూ వేర్వేరు రేకులు పెట్టినాం, వీపులు తాకితే రెండు అవుట్‌లు కలిసిపోతాయి.

వార్డెన్ మేడం గారికి: 230 వైపు అతుకులన్నింటికీ రబ్బరు గొట్టం తొడిగి, డబ్బా మూసి బిగించినాం. ప్లగ్గు పెట్టడం తీయడం ఫిజిక్స్ మేడం చేతనే. ప్లగ్గు తీసినా ఎల్.ఇ.డి. మెల్లగా ఆరేదాకా లోపల ముట్టుకోవద్దని డబ్బా మీద రాసినాం. సోల్డరింగ్ ఇనుము బట్టలు ఆరేసే కిటికీ దగ్గర పెట్టబోమని మాట ఇస్తున్నాం.

రెండో సప్లై అతుకులన్నీ దోస్తుతోనే చేయించినాను. నేను వైర్లు పట్టుకున్నాను. ఆదివారం పొద్దున సెల్లులు తీసేసి, ప్లస్సు మైనస్సు రెండుసార్లు చూసి, రేడియోకు తగిలించినాం. కొంచెం గరగర వచ్చింది, తర్వాత ఆదిలాబాద్ స్టేషన్ పలికింది. తీసిన నాలుగు సెల్లులు కాగితంలో చుట్టి పెట్టినాను, సంక్రాంతికి రేడియోతో పాటు బాపుకు ఇస్తాను.