అన్నం డబ్బులు – తోవ ఖర్చు

చిలకలూరిపేటలో సర్కారు బడి. మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు కంచాలు పట్టుకుని వరసగా కూర్చున్నారు. వంట అక్కలు అన్నం వడ్డించారు. పప్పు వేశారు. గుడ్డు పెట్టారు. పిల్లలు తిన్నారు. కంచాలు కడుక్కుని మళ్ళీ క్లాసులోకి పోయారు.

ఇందులో డబ్బు మాట ఎక్కడా రాలేదు. చూశారా? ఏ పిల్లా జేబులోంచి రూపాయి తీయలేదు. ఏ తల్లీ ముందుగా డబ్బు కట్టలేదు.

ఇది ఒక్క రోజులో వచ్చింది కాదు. 1995 ఆగస్టు 15న దేశంలో బడి భోజన పథకం మొదలైంది. అప్పుడు చాలా చోట్ల వండి పెట్టలేదు. నెలకు 3 కిలోల చొప్పున బియ్యం ఇచ్చేవారు. ఆ బియ్యం ఇంటికి చేరేది. ఇంట్లో అందరూ తినేవాళ్ళు. పిల్ల మాత్రం బళ్ళో ఆకలితోనే ఉండేది. 2001 నవంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. బడిలోనే వండి పెట్టాలి అంది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వండిన అన్నం పెడుతున్నారు. 2024లో ఈ పథకానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. సీతమ్మ గారు గోదావరి లంకల్లో ఉండేవారు. వేళ కాని వేళ వచ్చినా ఆకలన్న వాళ్ళకు అన్నం పెట్టారు. ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

ఇప్పుడు కొంచెం దూరం పోదాం.

పేట నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అమెరికా పోయిన కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళ పిల్లలు అక్కడి బడుల్లో చదువుతున్నారు. అక్కడ కూడా మధ్యాహ్నం బడి భోజనం ఉంది. 1946లోనే దానికి చట్టం చేశారు. కానీ చాలా రాష్ట్రాల్లో తల్లిదండ్రులు డబ్బు కట్టాలి. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాల్లోనే సర్కారు బడి పిల్లలందరికీ ఉచితం.

అక్కడ పిల్లకు బడిలో ఒక భోజన ఖాతా ఉంటుంది. తల్లి ఫోనులో ఆ ఖాతాకు డబ్బు వేస్తుంది. పిల్ల అన్నం తీసుకునే చోట తన నంబరు నొక్కుతుంది. ఆ పూట డబ్బు ఖాతాలోంచి పోతుంది.

ఒక అమ్మమ్మ ఉంది అనుకుందాం. ఇల్లు పేటలో. కూతురు టెక్సాస్‌లో. ఒకరోజు ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటున్నారు.

"బుడ్డది అన్నం తిన్నదంటే?"

"బళ్ళోనే తింటదమ్మా. దాని ఖాతాలో ఇందాకే 20 డాలర్లు వేశా. 22 చిల్లర పోయినయ్."

"పైన రెండు ఎందుకు పోయినయ్యే?"

"డబ్బు బడికి చేరేసినందుకు కంపెనీ వాళ్ళు తీసుకుంటారమ్మా."

"మన మిర్చి యార్డులో కమిషన్ లాగానా?"

"అట్లాంటిదే."

"మరి నువ్వే బడికి పోయి చేతికి ఇచ్చి రారాదా?"

కూతురు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇవ్వచ్చేమో. నేను ఆ కాగితం చదవలేదమ్మా" అంది.

చదువు రాక కాదు. కూతురు ఇంజనీరింగు చదివింది. కానీ చిన్న అక్షరాలను ఎవరూ చదవరు. చదవకూడదనే వాటిని చిన్నగా వేస్తారేమో!

అమ్మమ్మ అడిగింది సరైన మాట. అమెరికా సర్కారు నియమం ప్రకారం రుసుము లేని దారి ఒకటి ప్రతి బడిలో ఉండాలి. నగదు ఇవ్వచ్చు. చెక్కు పంపచ్చు. ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పాలి కూడా. చెబుతున్నారా? చెప్పినా ఎక్కడో మూల చెబుతున్నారు.

వినియోగదారుల డబ్బును కాపాడేందుకు అమెరికాలో ఒక సర్కారు సంస్థ ఉంది. అక్కడి బడులను బడి జిల్లాలు నడుపుతాయి. 2024 జులైలో ఆ సంస్థ 300 పెద్ద బడి జిల్లాల లెక్క బయట పెట్టింది. నూటికి 87 జిల్లాలు ఇలాంటి కంపెనీలతో ఒప్పందం చేసుకున్నాయి. డబ్బు వేసిన ప్రతిసారీ కంపెనీ సగటున 2 డాలర్ల 37 సెంట్లు తీసుకుంటోంది. లేదంటే వేసిన దానిలో నూటికి 4 చిల్లర తీసుకుంటోంది. డాలరుకు 100 సెంట్లు. ఒక డాలరు అంటే మన 85 రూపాయల పైనే. మొత్తం మీద ఏడాదికి 10 కోట్ల డాలర్లు ఇలా పోతుండవచ్చని ఆ సంస్థ తేల్చింది.

ఇక్కడొక కిటుకు ఉంది. కంపెనీని ఎంచుకునేది తల్లి కాదు. బడి వాళ్ళు ఎంచుకుంటారు. బేరం ఆడేది ఒకరు. డబ్బు కట్టేది ఇంకొకరు. అలాంటి చోట ధర ఎందుకు తగ్గుతుంది?

ఈ రుసుము ఎవరికి ఎక్కువ బరువు? పేట నుంచి పోయిన కూతురి ఇంట్లో జీతం బాగానే వస్తుంది. ఒకేసారి 100 డాలర్లు వేయగలదు. 2 డాలర్లు పోయినా ఆమెకు తెలియదు. కానీ అదే బడిలో ఇళ్ళు శుభ్రం చేసే తల్లి పిల్లలు కూడా చదువుతారు. ఆదాయం తక్కువ ఉన్నవాళ్ళకు అక్కడ భోజనం చౌక. పూటకు 40 సెంట్లు మించకూడదు. వారానికి 5 పూటలు. అంటే 2 డాలర్లు. ఆ తల్లికి వారం కూలి వారానికి వస్తుంది. కాబట్టి వారం వారం 2 డాలర్లే వేస్తుంది. కంపెనీ రుసుము 2 డాలర్ల 37 సెంట్లు!

అన్నం కంటే తోవ ఖర్చు ఎక్కువయింది. పావు కిలో ఉల్లిపాయల కోసం నరసరావుపేట బస్సు ఎక్కినట్టు ఉంది. ఎంత తెచ్చుకున్నా బస్సు టిక్కెట్టు మారదు. బుట్టెడు తెచ్చినవాళ్ళకు గిట్టుతుంది. గుప్పెడు తెచ్చుకునేవాళ్ళకు గిట్టదు.

ఈ మాట అక్కడి సర్కారుకూ తెలిసింది. తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ళ పిల్లల దగ్గర 2027లో మొదలయ్యే బడి సంవత్సరం నుంచి ఈ రుసుము తీసుకోకూడదని 2024 నవంబరులో ప్రకటించింది. మిగతా తల్లిదండ్రుల మాట అందులో లేదు.

ఇదంతా మనకెందుకు? మన బళ్ళో భోజన ఖాతా లేదు కదా అంటారు. నిజమే. భోజనం పేరు చెప్పి ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వక్కర్లేదు. ప్రధానోపాధ్యాయుని అడగండి. కానీ ఖాతాలు మనకూ ఉన్నాయి. ఇప్పుడు డబ్బంతా ఖాతాలోకే వస్తోంది. బడిలో వండే అక్కలకు 2019లో గౌరవ వేతనం నెలకు 3,000 రూపాయలకు పెంచారు. అదీ ఖాతాలోకే వస్తుంది. 2025 జూన్‌లో తల్లికి వందనం డబ్బు వచ్చింది. ఒక్కో పిల్లకు 15,000 అన్నారు. తల్లి ఖాతాలో పడింది 13,000. మిగతా 2,000 బడి నిర్వహణకు పోయింది. ఆ సంగతి ముందే చెప్పారు. నచ్చినా నచ్చకపోయినా, ఎటు పోయిందో తెలుసు. చెప్పకుండా పోయే డబ్బే అసలు బాధ.

వీధిలో వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే చోటు ఉంటుంది. 3,000 తీయమంటే చేతికి 2,950 ఇస్తారు కొందరు. "సర్వీసు చార్జీ" అంటారు. అక్కలు ఊరుకుంటారు. అక్కడ కూర్చునే మనిషి బ్యాంకు ఏజెంటు. ఆ పనికి బ్యాంకు ఆయనకు కమిషన్ ఇస్తుంది. ఏజెంటు తనంతట తాను ఖాతాదారు దగ్గర డబ్బు వసూలు చేయకూడదు. ఇది రిజర్వు బ్యాంకు నియమం. రసీదు అడగండి. రసీదులో ఎంత ఉందో చదవండి. చేతిలో ఎంత ఉందో లెక్క పెట్టండి. రెండూ ఒకటి కాకపోతే ఆ రసీదు పట్టుకుని బ్యాంకు మేనేజరు దగ్గరకు పోండి. నలుగురు కలిసి పోతే ఇంకా మంచిది. అక్కడా పని జరగకపోతే రిజర్వు బ్యాంకు నంబరు 14448. ఎలా ఫిర్యాదు చేయాలో వాళ్ళు చెబుతారు.

జన్‌ధన్ ఖాతాలో కనీస నిల్వ ఉంచక్కర్లేదు. నిల్వ లేదని డబ్బు కోయకూడదు. నెలకు కనీసం 4 సార్లు ఉచితంగా డబ్బు తీసుకోవచ్చు. మామూలు పొదుపు ఖాతా అయితే, పేట లాంటి ఊళ్ళలో వేరే బ్యాంకు ఏటీఎంలో నెలకు 5 సార్లు ఉచితం. నిల్వ ఎంత ఉందో చూసుకున్నా ఆ 5లోకే వస్తుంది! ఇది చాలామందికి తెలియదు. ఆ పైన ప్రతిసారీ 23 రూపాయల దాకా తీసుకోవచ్చు. పన్ను అదనం. 2025 మే 1 నుంచి ఈ లెక్క నడుస్తోంది. అంతకుముందు 21 ఉండేది.

ప్రైవేటు బడి ఫీజు ఫోనులో కట్టేవాళ్ళూ ఉన్నారు. కట్టే ముందు తెర మీద కింది వరస చూడండి. "కన్వీనియన్స్ ఫీ" అని ఉందా? అదే తోవ ఖర్చు. దాని పక్కన అంకె ఉంటుంది. ఆ అంకె చదివాకే నొక్కండి. కార్డుతో ఒక అంకె, యూపీఐతో ఇంకో అంకె ఉండవచ్చు. తక్కువది ఎంచుకోండి. లేదా బడి ఆఫీసులో కట్టి రసీదు తీసుకోండి.

ఇప్పుడు ఈ లెక్క చేయండి.

ఒక అక్క మిల్లులో పని చేస్తుంది. ఆమెది మామూలు పొదుపు ఖాతా. ఆమె వేరే బ్యాంకు ఏటీఎంలో ఒకే నెలలో 8 సార్లు, సారికి 200 రూపాయల చొప్పున తీసుకుంది. 5 సార్లు ఉచితం. మిగతా వాటికి సారికి 23 రూపాయలు. పన్ను వదిలేయండి.

ఆమె చేతికి వచ్చింది ఎంత? రుసుముగా పోయింది ఎంత?

అదే డబ్బు రెండుసార్లు, సారికి 800 చొప్పున తీసుకుంటే ఎంత పోయేది?

మీ పాసు పుస్తకం తెరవండి. పోయిన మూడు నెలల్లో ఇలా పోయిన డబ్బు ఉందా? ఉంటే తేదీ, అంకె నోటు పుస్తకంలో రాయండి.