భార్యాభర్తలిద్దరికీ హెచ్.ఐ.వి. ఉన్నా జాగ్రత్త ఎందుకు?

2004-05లో గుంటూరు జిల్లాలో ఇంటింటికీ వెళ్ళి 12 వేల మందికి పైగా రక్తపరీక్షలు చేశారు. 15-49 ఏళ్ళ వారిలో నూటికి ఇద్దరి కంటే కొంచెం తక్కువ మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్లు తేలింది. ఆడవారిలోనూ, మగవారిలోనూ ఇంచుమించు సమానమే. భార్యాభర్తలిద్దరికీ ఉన్న ఇళ్ళలో తరచుగా వినిపించే మాట ఇది: "ఇద్దరికీ ఉన్నదే కదా, ఇంకా నిరోధ్ దేనికి?" దీనికి జవాబు తెలియాలంటే ముందు ఆ వైరస్ సంగతి తెలియాలి.

వైరస్ అంతా ఒకటేనా?

కాదు. మిరపలో తేజ, 334, బ్యాడిగి ఉన్నట్లే హెచ్.ఐ.వి.-1లోనూ ఎ, బి, సి, డి వంటి ఉపరకాలున్నాయి. అమెరికాలో, పశ్చిమ ఐరోపాలో బి ఎక్కువ. మన దేశంలో, దక్షిణాఫ్రికాలో సి ఎక్కువ. ప్రపంచంలో ఈ వైరస్ ఉన్నవారిలో దాదాపు సగం మందిలో ఉన్నది సి రకమే.

ఒకే ఉపరకంలో కూడా ఒకరి వైరస్ అచ్చంగా మరొకరి దానిలా ఉండదు. మందులు వాడనివారి శరీరంలో రోజుకు వందల కోట్ల కొత్త వైరస్‌లు పుడతాయి. తన నకలు తీసుకునేటప్పుడు వైరస్ తప్పులు చేస్తుంది, వాటిని దిద్దుకోదు. అందుకే రూపం మారుతూ ఉంటుంది.

రెండు రకాలు ఎలా కలుస్తాయి?

ప్రతి వైరస్‌లోనూ జన్యుపదార్థం రెండు పోగులుగా ఉంటుంది. ఒకే రక్తకణంలోకి రెండు వేర్వేరు వైరస్‌లు చేరితే, అక్కడ పుట్టే పిల్ల వైరస్‌లో ఒక పోగు దీనిదీ, ఒక పోగు దానిదీ ఉండవచ్చు. అది మరో కణంలో దూరి నకలు తీసేటప్పుడు కొంత ఈ పోగునుండి, కొంత ఆ పోగునుండి తీస్తుంది. పత్తిలో ఒక రకం పువ్వుకు మరో రకం పుప్పొడి అద్ది సంకర విత్తనం తీసినట్లే, ఇక్కడ సంకర వైరస్ తయారవుతుంది.

ఇది ఊహ కాదు. పుణెలోని రోగుల వైరస్‌ను పూర్తిగా పరిశీలించి 1999లో ప్రచురించిన పరిశోధనలో ఒకరి వైరస్ ఎ, సి రకాల కలయిక అని తేలింది. థాయ్‌లాండ్‌లో ఎక్కువగా ఉన్నదీ ఒక సంకర రకమే.

దీనివల్ల నష్టమేమిటి?

1987-88లో మన గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు ఎన్నిసార్లు మందు కొట్టినా శనగపచ్చ పురుగు లొంగలేదు. మందును తట్టుకున్న పురుగులే మిగిలి, వాటి సంతతే పెరిగింది. మాత్రలు కొన్నాళ్ళు వేసి, కొన్నాళ్ళు మానితే శరీరంలోని వైరస్ కూడా అలాగే మొండికెత్తుతుంది. భర్తలోని మొండి వైరస్ భార్యకు చేరితే, ఆమెకు పనిచేస్తున్న మందు పనిచేయకుండా పోవచ్చు. ఒక్కో మందును తట్టుకునే రెండు వైరస్‌లు కలిస్తే, రెండు మందులనూ తట్టుకునేది పుట్టవచ్చు.

భయపడాలా?

అక్కరలేదు. ఎ.ఆర్.టి. మందులు సి రకం మీద, సంకర రకాల మీద కూడా పనిచేస్తాయి. ప్రభుత్వం 2004 ఏప్రిల్ నుండి వీటిని ఉచితంగా ఇస్తోంది. క్రమంగా వాడితే వైరస్ పరీక్షకు అందనంత తగ్గుతుంది. పెరగని వైరస్ కలవలేదు, మారలేదు. ఆ స్థితిలో ఉన్నంతకాలం దాంపత్యం ద్వారా మరొకరికి సోకదు కూడా.

మీరు చేయవలసినవి

• ఇద్దరూ రోజూ ఒకే వేళకు మాత్ర వేసుకునేలా చూడండి.
• ఒకరి మాత్రలు మరొకరు పంచుకోవద్దు. ఇద్దరికీ చాలకుండా పోతాయి.
• మిరప కోతలకు వేరే ఊరు వెళ్ళేటప్పుడు రోజులు లెక్కచూసి మాత్రలు వెంట తీసుకెళ్ళండి.
• వైరల్ లోడ్ పరీక్ష వాయిదా వేయకండి. డాక్టరు చెప్పేవరకు నిరోధ్ మానకండి.
• "ఎవరు తెచ్చారు?" అని తగువు పడకండి. గర్భిణికి చెకప్‌లోనే పరీక్ష చేస్తారు గనుక చాలా ఇళ్ళలో కోడలి సంగతే ముందు బయటపడుతుంది. ముందు తెలిసినంత మాత్రాన ముందు సోకిందని కాదు. నిందపడిన మనిషి ఆసుపత్రికి రావడం మానేస్తుంది, మాత్రలూ మానేస్తుంది. ఆ ఇంట్లో వైరస్‌కు కావలసింది అదే.