పాలు పితికే చేతికి పుండు లేస్తే ఎక్కడ చూపవలెను?



ఆవు పొదుగు మీద పొక్కు లేస్తే సాయంత్రంలోగా పశువైద్యునికి కబురు పెడతాము. అదే పొక్కు మన చేతి మీద లేస్తే పసుపు రాసి, గుడ్డ కట్టి, నెల గడుపుతాము. కేంద్రంలో చూస్తే పాలు పోయించుకోరేమో అని దాచేవారు కూడా ఉన్నారు. పాడి ఇంట కనిపించే చర్మపు జబ్బులు ఏవో, వాటిని ఎంత త్వరగా, ఎక్కడ చూపవలెనో ఈ పాఠంలో తెలుసుకుందాము.

1. పొదుగు నుండి వచ్చే పొక్కులు

ఆవుల, ఎనుముల చన్నుల మీద లేచే మశూచి జాతి పొక్కులు పితికేవారి వేళ్లకు, మణికట్టుకు అంటుకుంటాయి. ఎర్రగా గడ్డకట్టి, నీరు పట్టి, పెచ్చు కట్టి, కొన్ని వారాలలో సాధారణంగా తమంతట తామే మానుతాయి. ఇది ఈనాటి సంగతి కాదు. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ అనే వైద్యుడు, పాలు పితికే ఒక యువతి చేతి పొక్కులోని రసిని ఒక బాలునికి ఎక్కించి మశూచి టీకాకు దారి వేసినాడు. ఆ దారిలోనే నడిచి 1980 నాటికి ప్రపంచం మశూచిని వదిలించుకొన్నది.

అయితే పొక్కు చీము పట్టినా, జ్వరం వచ్చినా, చంకలో బిళ్ల కట్టినా డాక్టరుకు చూపవలెను. మానేవరకు ఇంట్లో ఇంకొకరు పితకవలెను. పొక్కులున్న పశువును అన్నిటికంటె చివర పితికి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. 2022లో మన దేశంలో పశువులను పీడించిన ముద్దచర్మ వ్యాధి మాత్రం మనుషులకు అంటదు. ఆ భయం అక్కరలేదు.

2. తామర

దూడ ముఖం మీద, మెడ మీద వెంట్రుకలు రాలి బూడిదరంగు పెచ్చులు కడితే అది తామర కావచ్చును. దూడతో ఆడుకొనే పిల్లలకు అది సులభంగా అంటుతుంది. మన ఒంటి మీద గుండ్రంగా, అంచు ఎర్రగా, దురదతో వస్తుంది. మందుల అంగట్లో మనంతట మనం అడిగి తెచ్చుకొనే ట్యూబులలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. దానితో దురద తగ్గినట్లే ఉంటుంది గాని తామర పాకిపోతుంది. రూపు కూడా మారి, డాక్టరు గుర్తుపట్టడానికే కష్టమవుతుంది. అటువంటి ట్యూబు వాడియుంటే దానిని వెంట తీసుకొని పోవలెను.

3. నొప్పి లేని నల్ల పెచ్చు

హఠాత్తుగా చచ్చిన పశువును, గొర్రెను కోసినవారికి, తోలు తీసినవారికి కొన్ని రోజులలో దురద పొక్కు లేచి, చుట్టూ వాచి, నడుమ బొగ్గువలె నల్లని పెచ్చు కడితే అది ఆంత్రాక్సు, అనగా దొమ్మరోగం, కావచ్చును. నొప్పి లేదుగదా అని ఊరకుండరాదు. ఆనాడే ఆసుపత్రికి పోవలెను. సకాలంలో మందులు పడితే నయమవుతుంది, ఆలస్యమైతే ప్రాణం మీదికి వస్తుంది. అట్లు చచ్చిన పశువును కోయక, పశువైద్యునికి తెలిపి, ఆయన చెప్పినట్లు పూడ్చవలెను.

4. స్పర్శ తెలియని మచ్చ

పాలిపోయిన మచ్చ లేక ఎర్రబారిన మచ్చ ఉండి, దురద లేక, గిల్లినా తెలియకపోతే అది కుష్ఠు కావచ్చును. అన్నిటికంటె ఎక్కువగా దాచేది దీనినే, ఎక్కువ నష్టపోయేది కూడా దీనివల్లనే. నరాలు చెడితే కాగే పాలగిన్నె వేడి వేళ్లకు తెలియదు. పిడికిలి పట్టు తప్పి పాలు పితకలేని స్థితి వస్తుంది. మొదటనే చూపితే ఇవేవీ రావు. మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితం. జబ్బు స్థితిని బట్టి 6 నెలలు లేక 12 నెలలు వాడవలెను. మందు మొదలైన కొద్ది రోజులకే ఇతరులకు అంటే గుణం పోతుంది. ఇది పాల ద్వారా వచ్చే జబ్బు కాదు.

5. ఎక్కడికి పోవలెను?

మొదట ఊరి ఆశా కార్యకర్తకు గాని, నర్సమ్మకు గాని చూపి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవలెను. చాలా జబ్బులు అక్కడే కుదురుతాయి. అక్కడ తేలకపోతే, తిరుపతి చుట్టుపక్కల సభ్యులకు అలిపిరి రోడ్డులో రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉన్నది. కొండకు పోయే దారే గనుక తెలియనివారు లేరు. 1960లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర వైద్య కళాశాలకు ఇది బోధనాసుపత్రి. అక్కడ చర్మవ్యాధుల విభాగంలో చూపవలెను. ఉదయమే పోవుట మంచిది.

డాక్టరు ఎదుట మూడు మాటలు మరువరాదు: మాకు పశువులున్నవి, పాలు పితుకుతాము, మా పశువుకు ఈ మధ్య ఫలానా జబ్బు చేసినది, ఇంతవరకు ఫలానా మందు పూసినాము. ఒకే తీరుగా కనిపించే పుండ్లకు వేరువేరు కారణాలుంటాయి. పశువుల సంగతి మనం చెప్పకపోతే డాక్టరుకు సగం ఆధారం అందదు.

6. సంఘం చేయవలసినది

చేతికి కట్టు కనిపించగానే నలుగురిలో అడగరాదు. కార్యదర్శి పక్కకు పిలిచి, ఆసుపత్రికి పొమ్మని చెప్పవలెను. పాలు ఇంకొకరు పితికి తెస్తే పోయించుకొనవలెను. పాలు నిలిపివేస్తారన్న భయం పోతే పుండు దాచేవారుండరు. దాచనినాడు, ఇక్కడ చెప్పిన జబ్బులలో కుదరనిది లేదు.