కట్లపాము నడవడియు, నేలపై నిద్రించువారి రక్షణమును

మరైగూడ బస్తరు అడవుల దక్షిణభాగమునందలి గ్రామము. ఆ ప్రాంతము 1948 వరకు బస్తరు సంస్థానములోనిది. 2012 మొదలు సుక్మా జిల్లాలో చేరియున్నది. తెలుగుదేశపు పొలిమేర అచ్చటికి దూరము కాదు. కోయలు, దొర్లలు తమ యింటిభాషతోపాటు తెలుగును వినుచు, మాటలాడుచు ఉండు దిక్కు అది. రోగము ముదిరినప్పుడు భద్రాచలపు ఆసుపత్రికి పోవుట ఆ దిక్కువారికి క్రొత్తగాదు. అచ్చటి యిండ్లలో పలువురు నేలమీద చాప పరచుకొని నిద్రించుదురు. ఈ అలవాటునకును, రాత్రివేళ సంచరించు ఒక పాము నడవడికిని గల సంబంధమును తెలుపుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము. ఆ పాము కట్లపాము.

కట్లపాము సామాన్యముగా మూడునాలుగు అడుగుల పొడవుండును. ఒడలు నిగనిగలాడు నలుపు, లేక నీలము కలసిన నలుపు, కడుపు తెలుపు. వెన్నుమీద అడ్డముగ సన్నని తెల్లని కట్లు, తరచు జంటలుజంటలుగ, తోకవరకు ఉండును. మెడకు దగ్గరగా ఈ కట్లు మాసిపోయి చుక్కలవలె కనబడుటయు, ముదురుపాములలో బొత్తిగా కనబడకుండుటయు కలదు. కావున కట్లు లేవను ధైర్యముతో నల్లని పామును సమీపింపరాదు. నడివెన్నునందలి పొలుసులు తక్కినవానికంటె పెద్దవై ఆరుమూలలు గలిగియుండుట దీనికి నిక్కమైన గుర్తు. కాని ఆ గుర్తు పామును చేతబట్టి చూచినగాని తెలియదు. చచ్చినపామును చేతబట్టుటయు క్షేమము కాదు.

ఈ జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు బుంగారస్. అది మన ‘బంగారు’ అను మాటయే. పసుపుపట్టెలును నల్లపట్టెలును గల బంగారుపాము ఈ కట్లపామునకు దాయాది. దాని తెలుగుపేరే జాతికంతటికిని పేరైనది. స్కాట్లండు వైద్యుడగు పాట్రిక్ రస్సెల్ 1780 తరువాత కొన్నియేండ్లు విశాఖపట్టణమునందుండి, ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగ పనిచేసి, కోరమాండల్ తీరపు పాములను గూర్చి 1796లో లండనునందు ఒక గొప్ప గ్రంథమును ప్రకటించెను. అందు పాములకు తెలుగుపేర్లనే తెల్లలిపిలో వ్రాయించెను. నేడు లోకమంతయు రస్సెల్ పేరిట పిలుచుచున్న రక్తపింజరికి అందున్న పేరు కాటుకరేకులపొడ. విషముగలది యేదియో, లేనిది యేదియో సామాన్యజనులు గుర్తింపగలుగవలెనని ఆ వైద్యుని కోరిక. రెండువందలయేండ్లు గడచినను ఆ కోరిక నెరవేరినదనుటకు వీలులేదు. గోడలవెంట బల్లులకై తిరుగు చిన్నపాము ఒకటి కలదు. దానికి విషము లేదు. దానికిని తెల్లనికట్లు ఉండుటచేత కట్లపామని తలచి జనులు దానిని చంపుదురు. దాని కట్లు మెడదగ్గర స్పష్టముగనుండి తోకవైపు మాసిపోవును. కట్లపామునకు ఇది తలక్రిందు. దీపపు వెలుతురున పరుగెత్తు పామునందు ఈ భేదమును కనుగొనుట అందరికిని సాధ్యము కాదు గనుక, గుర్తింపుమీదకంటె పాము నడవడిని తెలిసికొని మెలగుటమీదనే ఎక్కువగా ఆధారపడవలెను.

పగటివేళ కట్లపాము మిక్కిలి పిరికిది. పుట్టలలోను, ఎలుకబొరియలలోను, కట్టెలమోపులక్రిందను, రాళ్లగుట్టలలోను, పాతకప్పు గడ్డిలోను ముడుచుకొని యుండును. కదలించినను కరవబోవుటకు బదులు ఒడలంతయు ఉండగాజుట్టి తలను ఆ చుట్టలలో దాచుకొనును. దీనిని చూచి కొందరు ఇది మెత్తనిపామని తలంతురు. పిల్లలు పుల్లతో పొడుచుచు ఆడుకొనుటయు కలదు. ప్రొద్దుగ్రుంకినతోడనే ఆ మెత్తదనము పోవును. రాత్రియందు ఇది చురుకుగ, త్వరితముగ సంచరించును. ఒడలిమీద ఒత్తుడు తగిలిన వెంటనే కరచును. నాగుపాము పడగవిప్పి బెదరించును. రక్తపింజరి కొలిమితిత్తివలె బుసకొట్టును. చిన్నపింజరి పొలుసులను రాపాడించి రంపపుచప్పుడు చేయును. ఈ మూడును తామున్న చోటును మనుష్యునికి ఎరుకపరచి తొలగిపొమ్మని చెప్పినట్లే. కట్లపాము నిద్రించువానికి అట్టి హెచ్చరికనేదియు నీయదు.

ఇది ఇంటిలోనికి వచ్చుట మనుష్యునికై కాదు. దాని ముఖ్యాహారము ఇతర పాములు. తనజాతి పాములనుగూడ మ్రింగును. అదియుగాక ఎలుకలు, బల్లులు, కప్పలు దానికి తిండి. ధాన్యపు బుట్టలున్న చోటికి ఎలుకలు చేరును. ఎలుకలవెంట పాములు చేరును. ఆ రెండింటికొరకును కట్లపాము వచ్చును. వానలు ముదిరి బొరియలలోనికి నీరు వచ్చినప్పుడు పొడినేలను వెదకుకొనుచుగూడ వచ్చును. మట్టిగోడ నెర్రెలు, తలుపుక్రింది సందు, కప్పునకును గోడకును నడుమనుండు ఎడము దానికి చాలిన దారులు. చీకటిలో గోడవెంట ప్రాకుచుపోవు పామునకు దారిలో చాపమీద పరుండిన మనుష్యుడు అడ్డుపడును. అతడు ప్రక్కకు ఒత్తిగిల్లును, చేయి దానిమీద పడును, అది కరచును. పగపట్టుటగాని, వెదకివచ్చి కరచుటగాని ఇందు లేదు.

ఈ సందర్భమున ఒక విషయము చెప్పక తీరదు. నాగులచవితినాడు పుట్టయొద్దకు పోయి పాలుపోసి మ్రొక్కిన యింటివారే మరునాడు పెరటిలో జెర్రిపోతు కనబడినయెడల కర్రలతో మోదుదురు. పాము పాలు త్రాగునది కాదు. అయినను ఆ మ్రొక్కువలన ఎవరికిని హానిలేదు. జెర్రిపోతును చంపుటవలన మాత్రము హాని కలదు. విషములేని ఆ పెద్దపాము ఎలుకలను తినును. అది పోయిన ఎలుకలు పెరుగును. పెరిగిన ఎలుకలు ఏ అతిథులను పిలుచునో పైన చెప్పబడినది. పూర్వము ప్రభుత్వమువారు విషసర్పములను చంపి తెచ్చినవారికి బహుమానములిచ్చు పద్ధతిని చాలకాలము నడపిరి. చచ్చినపాముల లెక్క ఏటేట పెరిగెనేకాని చచ్చిన మనుష్యుల లెక్కలో చెప్పదగిన తగ్గుదల కానరాలేదు.

ఇక కాటునుగూర్చి. కట్లపాము కోరలు చిన్నవి. కరచినచోట మంటగాని, వాపుగాని సాధారణముగ ఉండదు. గాటు కంటికి కనబడకపోవుటయు కలదు. నడురేయికిని తెల్లవారుటకును మధ్య ఈ కాట్లు ఎక్కువ. నిద్రించువాడు చీమయో, దోమయో కుట్టినదని తలచి మరల నిద్రపోవును. కొందరికి మెలకువయే రాదు. కొన్నిగంటలకు కడుపులో నొప్పి, వాంతి కలుగును. ఇంటివారు రాత్రితిన్నది పడలేదనుకొని వామునీరో, కషాయమో ఇత్తురు. ప్రొద్దెక్కినకొలది కనురెప్పలు వ్రాలిపోవును, ఒకవస్తువు రెండుగ కనబడును, మ్రింగుడుపడదు, మాట ముద్దగ వచ్చును, మెడ నిలువదు. తుదకు రొమ్ముకండరములు చచ్చుబడి ఊపిరి ఆగిపోవును. నరములకొనలనుండి కండరములకు పోవు ఉత్తరువును ఈ విషము త్రెంచివేయును. అందుచేత గుండె బలముగ కొట్టుకొనుచుండగనే శ్వాస నిలిచిపోవును. వానకాలమున నేలమీద నిద్రించినవారికి తెల్లవారుజామున కారణము తెలియని కడుపునొప్పియు, దానివెంట రెప్పలు వ్రాలుటయు కలిగినయెడల, పామును చూచినవారు లేకపోయినను, కాటుగురుతు దొరకకపోయినను, కట్లపాము కరచినదనియే ఎంచి ఆసుపత్రికి బయలుదేరవలెను. తెల్లవారుగట్ల ఇప్పపూవు ఏరబోవు తొందరలో తల్లులు పిల్లల యీ మొదటిగురుతులను గమనింపకపోవుటకు అవకాశమున్నది.

2000 మొదలు 2019 వరకు భారతదేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది, అనగా ఏటికి సగటున 58,000 మంది, మరణించిరని 2020లో ప్రకటింపబడిన పరిశోధన తేల్చినది. అందు సగము జూన్ మొదలు సెప్టెంబరు వరకుగల వానకాలమునందే. అంతకుముందు 2011లో వెలువడిన మరియొక లెక్కనుబట్టి, ఇట్లు చచ్చినవారిలో మూడువంతులకు పైగా ఆసుపత్రి వెలుపలనే చచ్చిరి. మందులేక చచ్చినవారికంటె మందున్నచోటికి చేరక చచ్చినవారే ఎక్కువ యని ఇందువలన ఏర్పడుచున్నది. ప్రపంచారోగ్యసంస్థ 2017లో పాముకాటును ఉపేక్షింపబడిన వ్యాధులలో మొదటితరగతియందు చేర్చినది. మనదేశమున 2024 మార్చిలో ప్రారంభమైన జాతీయకార్యప్రణాళిక 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని నిర్ణయించినది.

రక్షణమార్గములలో సులభమైనది బస్తరుప్రాంతమున పెక్కు యిండ్లలో ఇప్పటికే యున్నది. అది దోమతెర. 2020 జనవరిలో మలేరియాముక్త బస్తరు అను ప్రచారము ప్రారంభమైనప్పటినుండి ఇంటింటికి పోయి రక్తపరీక్షలు చేయుటతోపాటు మందుపట్టించిన దోమతెరలు వాడవలెననియు బోధించుచున్నారు. చలిజ్వరమునకై యిచ్చిన ఈ తెరయే కట్లపామునకును అడ్డు. ఆగ్నేయనేపాళమున జరిగిన పరిశీలనలో తెరలోపల నిద్రించువారికి పాముకాటు మిక్కిలి అరుదని 2007లో ప్రకటించిరి. అయితే తెరను పైనుండి వ్రేలాడదీసి అంచులను వదలివేసిన ప్రయోజనము లేదు. పైగా లోనికి దూరిన పామునకు బయటికి పోవు దారి దొరకదు. పడకను దులిపి, తెర అంచులను నాలుగువైపుల చాపక్రిందికి బాగుగ దోపి, ఆ పిమ్మట దీపమార్పవలెను. నులకమంచము గలవారు మంచముమీద పరుండుట మరింత మేలు. దుప్పటికొంగు మాత్రము నేలకు జీరాడరాదు. తెరతో చేపలుపట్టుటయు, కోడిపిల్లలమీద కప్పుటయు కొన్నియెడల కలదు; చినిగిన పాతతెరతో ఆపని చేసికొనవచ్చునుగాని నిద్రించు తెరను అందుకు వాడరాదు. ధాన్యపు బుట్టలను, కట్టెలమోపులను పడకకు దూరముగ నుంచవలెను. రాత్రి బయటికి పోవలసివచ్చినప్పుడు దీపములేక అడుగుపెట్టరాదు.

కరచిన తరువాత చేయవలసినది కొంచెము; చేయరానిది చాల. గాటును కోయరాదు, నోటితో పీల్చరాదు, కాల్చరాదు, పసరు పూయరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. ఇదివరకే కట్టు బిగించియుండిన దానిని వైద్యుని యెదుటనే విప్పవలెను. కరవబడిన అవయవమును ఎముక విరిగినప్పటివలె బద్దకట్టి కదలకుండ ఉంచి, రోగిని నడిపింపక మోసికొని పోవలెను. వాంతియగుచుండిన ఎడమప్రక్కకు ఒత్తిగిలించి పరుండబెట్టవలెను. పామును వెదకుటకై కాలము గడుపరాదు. దానిని చంపి తేనక్కరలేదు.

పల్లెలలో మొదట పిలువబడువాడు వైద్యుడు కాడు, వడ్డె. అతని మంత్రమువలన అనేకులు బ్రతికిరని జనులు చెప్పుదురు. ఆ మాట అబద్ధము కాకపోవచ్చును. కరచుపాములలో విషములేనివే ఎక్కువ. విషముగల పాముగూడ ఒక్కొక్కప్పుడు విషమును విడువకయే కరచును. అట్టివారు మంత్రమువేసినను వేయకున్నను బ్రతుకుదురు. నిజముగ విషమెక్కినవానికి ఆ రెండుగంటల కాలమే ప్రాణము. వడ్డెను తృణీకరించి మాటలాడినందున ప్రయోజనము లేదు. అతని మాటకు ఊరిలో విలువ కలదు. ‘మంత్రము దారిలో వేయుదును, ముందు మంచమెత్తుడు’ అని అతనిచేతనే చెప్పించు గ్రామమున రోగి వేళకు ఆసుపత్రి చేరును.

ఆసుపత్రియందిచ్చు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అను నాలుగింటి విషమునకును ఒక్కటే. ఆ విషములను కొద్దికొద్దిగ గుర్రములకెక్కించి, వాని రక్తమున పుట్టిన ప్రతివిషమును తీసి దీనిని తయారుచేయుదురు. పాము ఏదో తేల్చుకొన్నగాని మందు లేదను భయము అనవసరము. కాని కట్లపాము విషము నరములకొనలను ఒకసారి చెరచిన పిమ్మట ఈ మందు ఆ చెరుపును మాన్పజాలదు. ఇంకను రక్తమునందు తిరుగుచున్న విషమును మాత్రమే అణచును. అందుచేతనే తొందర అవసరము. వానకాలమున వాగులుపొంగి దారులు తెగు ఊళ్లలో, ఏ దారిని, ఎవరి బండిమీద, ఏ ఆసుపత్రికి పోవలయునో ఆషాఢమునకు ముందే పెద్దలు నిర్ణయించుకొని యుండవలెను. నేపాళపు దామక్ ప్రాంతమున ఊరివారే మోటారుసైకిలుమీద రోగిని ఇరువురినడుమ కూర్చుండబెట్టి త్వరగా చేర్చు ఏర్పాటు చేయగా, అంతకుముందు కరవబడినవారిలో నూటికి పదిమందికి పైగా చచ్చుచుండిన చోట, నూటికి ఒక్కరికంటె తక్కువ చచ్చిరి.

ఆసుపత్రి చేరిననాడు ఏ బాధయు కనబడకపోయినను, రోగిని ఒక పగలు ఒక రాత్రి అచ్చటనే ఉంచుకొందురు. విషము ఆలస్యముగ తలచూపుట కలదు. ఊపిరి తగ్గినవారికి గొంతులో గొట్టమునుంచి గాలితిత్తితోనో, యంత్రముతోనో శ్వాస ఆడింతురు. నరములకొనలు మరల చిగిర్చువరకు, కొందరికి రెండుమూడు దినములు, కొందరికి వారమునకు పైగా, ఇట్లు చేయవలసియుండును. ఆ కాలమంతయు రోగి కన్ను తెరువడు, చేయి కదల్పడు, చచ్చినవానివలె కనబడును. ఇది చూచి ఆశవిడిచి రోగిని ఇంటికి తీసికొనిపోవుదుమని బంధువులు వైద్యుని అడుగుట కలదు. అట్లు అడుగరాదు. అతనికి తెలివి యుండవచ్చును. మంచముప్రక్కన వారాడుకొను మాటలు అతని చెవినిబడుచుండవచ్చును.