హైదరాబాదు ప్రయాణం లెక్క

మంగంపేట అనగానే ముగ్గురాయి గుర్తుకొస్తుంది. ఈ రాయికే బెరైటీస్ అని పేరు. ఒకే చోట ఇంత పెద్ద బెరైటీస్ నిల్వ ప్రపంచంలో మరొకటి లేదని చెబుతారు. నూనె బావులు తవ్వే చోట ఈ రాతి పొడిని బురదలో కలుపుతారు. బురద బరువెక్కుతుంది. బావి లోపలి నుంచి గ్యాసు ఎగదన్నకుండా అదిమి పెడుతుంది. అందుకే మంగంపేట పొడి ఓడలెక్కి దేశదేశాలు తిరుగుతుంది. ఆ రాయిని పొడి చేసే మనుషుల్లో మాత్రం తిరుపతి దాటి పోనివాళ్లు చాలామంది ఉన్నారు.

అటువంటి ఒక ఇల్లు అనుకోండి. ఇంటాయన పొడి మిల్లులో కూలి. ఇంటామె పండ్ల తోటల్లో పనికి పోతుంది. పెద్దపాపకు 11 ఏళ్లు. అబ్బోడికి 6 ఏళ్లు. ఇంట్లో అవ్వ ఉంది. ఇంటామె రాత్రిపూట అక్షరాలు నేర్చుకుంది. సంతకం పెడుతుంది. కూడికలు, తీసివేతలు చేస్తుంది. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతుంది.

పక్కింటాయన కువైటు నుంచి సెలవుకు వచ్చాడు. పిల్లలను హైదరాబాదు తీసుకుపోయి ఫిల్మ్ సిటీ చూపించుకొచ్చాడు. ఆ ఫోటోలు చూసినప్పటి నుంచి పెద్దపాపకు అదే ధ్యాస.

“రెండుసార్లు తీసకపోతానన్నావు నాయనా. రెండుసార్లూ తీసకపోలేదు” అంది.

ఆ మాట నిజమే. మొదటిసారి ఎండాకాలం సెలవుల్లో బయలుదేరారు. ముందుగా సీట్లు చేయించుకోలేదు. కోడూరు స్టేషన్‌లో రైలెక్కడానికి కాలు పెట్టే చోటు దొరకలేదు. సంచులతో ఇంటికి తిరిగి వచ్చారు. రెండోసారి దాచిన డబ్బు అవ్వ కంటి ఆపరేషన్‌కు పోయింది.

“ఈసారి పోదాంలే. పదివేలు వడ్డీకి తెస్తా” అన్నాడు ఇంటాయన.

“ఎంత వడ్డీ?”

“మూడు రూపాయలు.”

ఇంటామె పలక తీసింది. నూటికి నెలకు 3 రూపాయలు. పదివేలకు నెలకు 300. ఏడాదికి 3,600. అసలు అట్లే ఉంటుంది.

“మూడు రోజులు తిరిగేదానికి ఏడాదంతా వడ్డీ కట్టాల్నా? ముందు ఎంత దుడ్డు కావాల్నో రాద్దాం ఉండయ్యా” అంది.

ఏ ఊరు?

ఆటల పార్కులు చెన్నైలోనూ ఉన్నాయి. కోడూరు నుంచి చెన్నై దగ్గర. పొద్దున ఎక్కితే మధ్యాహ్నానికి చేరవచ్చు. హైదరాబాదుకు ఒక రాత్రంతా ప్రయాణం. దూరం చూస్తే చెన్నైయే మేలు. అయినా ఇంటామె హైదరాబాదే అంది. కారణం ఆమే చెప్పింది. “ఆడ బస్సు బోర్డు నేను చదవగలను. చెన్నైలో ప్రతిదానికీ ఒకరిని అడగాల.” కొత్తగా చదువు నేర్చిన మనిషికి ఇది చిన్న కారణం కాదు. పిల్లల చేయి పట్టుకుని తెలియని ఊళ్లో నిలబడినప్పుడు, బోర్డు చదవగలిగితే సగం భయం పోతుంది.

హైదరాబాదులో పిల్లలు కోరేవి ముఖ్యంగా రెండు. ఒకటి రామోజీ ఫిల్మ్ సిటీ. దీన్ని రామోజీరావు 1996లో కట్టించారు. ఆయన 2024 జూన్‌లో చనిపోయారు. ఇది 1,600 ఎకరాలకు పైగా ఉంటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా స్టూడియోగా గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. ఎల్.బి.నగర్ దాటి విజయవాడ రోడ్డు మీద పోవాలి. గేటు నుంచి లోపలికి వాళ్ల బస్సుల్లోనే తిప్పుతారు. ‘బాహుబలి’ కోసం వేసిన మాహిష్మతి సెట్టు అక్కడే ఉంది. ఆటలూ ఉన్నాయి, చూసేవీ ఉన్నాయి.

రెండోది వండర్‌లా. ఇది ఊరి బయట రావిర్యాలలో 2016లో తెరిచారు. ఎత్తు నుంచి జారే ఆటలు, గిరగిర తిరిగే ఆటలు, నీళ్ల ఆటలు ఇక్కడ ఎక్కువ. నీళ్లలో దిగాలంటే దానికి తగిన బట్టలు వేసుకోవాలి. చీరతో దిగనివ్వరు.

“అయితే నేను గట్టున కూచోని సంచులు కాయాల్నా?” అంది అవ్వ.

ఇలాంటి పార్కుల కథ ఎక్కడ మొదలైందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో వాల్ట్ డిస్నీ అనే ఆయన బొమ్మల సినిమాలు తీసేవాడు. ఆయన తన కూతుళ్లను రంగులరాట్నం ఎక్కించి, తాను బెంచీ మీద కూర్చుని చూసేవాడు. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దవాళ్లు ఊరికే కూర్చోవడమేమిటి? అందరూ కలిసి ఆడుకునే చోటు ఉండకూడదా? అలా ఆలోచించి 1955లో డిస్నీల్యాండ్ కట్టించాడు. ఆయన చనిపోయాక 1971లో ఓర్లాండో ఊరి దగ్గర ఇంకా పెద్దది తెరిచారు. ఇప్పుడు ఓర్లాండో అంటేనే పార్కుల ఊరు. అవ్వ అడిగిన ప్రశ్న, డిస్నీ అడిగిన ప్రశ్న ఒకటే కదా!

వయసా? ఎత్తా?

పెద్దపాపకు 11 ఏళ్లు కాబట్టి అన్ని చోట్లా అర టికెట్టే అనుకున్నాడు ఇంటాయన. చాలామంది అట్లే అనుకుంటారు. గేటు దగ్గరికి పోయాక తగువు పడతారు.

రైలులో వయసు చూస్తారు. 5 ఏళ్ల లోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్టు లేదు. 5 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు రెండు పద్ధతులు. విడిగా బెర్తు కావాలంటే పూర్తి చార్జీ ఇవ్వాలి. బెర్తు వద్దంటే సగం చార్జీ. 2016 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి నడుస్తోంది. అవ్వలాంటి పెద్దవాళ్లకు ముందు చార్జీలో రాయితీ ఉండేది. 2020 మార్చిలో దాన్ని ఆపేశారు.

ఆటల పార్కుల్లో చాలాచోట్ల ఎత్తు చూస్తారు. గేటు దగ్గర కొలుస్తారు. వండర్‌లాలో 140 సెంటీమీటర్లు దాటితే పెద్దవాళ్ల టికెట్టే. ఫిల్మ్ సిటీలోనూ ఎత్తే చూస్తారు. అంతే కాదు. కొన్ని ఆటలకు ఇంత ఎత్తు ఉంటేనే ఎక్కనిస్తారు. తక్కువ ఉంటే ఎంత ఏడ్చినా ఎక్కించరు. అది పిల్లల ప్రాణం కోసం పెట్టిన నియమం. బతిమాలి, వయసు ఎక్కువ చెప్పి ఎక్కించడం తప్పు.

ఇంటామె పిల్లలను గోడకు ఆనించి నిలబెట్టింది. తల మీద స్కేలు పెట్టి బొగ్గుతో గీత గీసింది. కుట్టుమిషను టేపుతో కొలిచింది. పెద్దపాప 142 సెంటీమీటర్లు. అబ్బోడు 112. అంటే పెద్దపాప రైలులో చిన్నపిల్ల, పార్కులో పెద్దమనిషి! టికెట్ల లెక్క అక్కడే మారిపోయింది. అబ్బోడు మాత్రం మడమలు ఎత్తి నిలబడి ఇంకోసారి కొలవమన్నాడు.

కాగితం మీద ఖర్చు

చాలామంది రైలు చార్జీ, పార్కు టికెట్టు లెక్క వేస్తారు. మిగతాది దారిలో చూసుకుందాం అంటారు. దారిలోనే జేబు ఖాళీ అవుతుంది. ఇంటామె వేరే విధంగా రాసింది. పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునేదాకా ఏమేం చేస్తారో వరుసగా తలచుకుంది. ప్రతి పనికీ ఎదురుగా ఖర్చు రాసింది. టీ, టిఫిను, బస్సు, నీళ్ల సీసా, గది, అన్నం, అన్నీ రాసింది.

పార్కుల్లోకి బయటి తిండి సాధారణంగా రానివ్వరు. లోపలే కొనాలి. అక్కడ ధర ఎక్కువ. ఐదుగురు ఒక పూట తింటే ఎంతవుతుందో ముందే రాసుకోవాలి. పార్కు టికెట్టు ధర కూడా అన్ని రోజులూ ఒకటిగా ఉండదు. సెలవు రోజుల్లో పెరగవచ్చు. పోయే ముందు ఫోను చేసి కనుక్కోవాలి.

బస్సు లెక్కలో ఒక తిరకాసు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చింది. పల్లెవెలుగు బస్సులో కోడూరుకు పోతే ఇంటామెకు, అవ్వకు, పెద్దపాపకు టికెట్టు డబ్బు అక్కరలేదు. తెలంగాణలోనూ ఆడవాళ్లకు ఉచిత బస్సు ఉంది. అది 2023 డిసెంబరులో మొదలైంది. కాని అది తెలంగాణ ఆడవాళ్లకే. ఆధార్ చూస్తారు. మంగంపేట ఆధార్ చూపిస్తే టికెట్టు కొనమంటారు. కండక్టరుతో కొట్లాడి లాభం లేదు. అందుకని సిటీ బస్సు ఖర్చు కూడా రాయాలి.

ఇంటామె ఇంకో మాట రాసింది. “మిల్లుకు పోని రోజు కూలి.” రోజుకు 600 అనుకుంటే రెండు రోజులకు 1,200.

“అది ఖర్చెట్లయితాది? మనం ఇచ్చేది కాదు గదా” అన్నాడు ఇంటాయన.

“రావాల్సింది రాకపోతే ఖర్చు కాదా?” అంది ఆమె.

జబ్బు చేస్తే, రైలు తప్పితే చేతిలో ఉండాలని విడిగా 1,000 రాసింది. రెండు పార్కులూ చూస్తే మొత్తం 21,000 తేలింది. డబ్బీలో ఉన్నది 9,000.

ఇల్లంతా కాసేపు మాట్లాడలేదు.

తర్వాత కొట్టివేతలు మొదలయ్యాయి. వండర్‌లా కొట్టేశారు. దానితో ఒక రోజు, ఒక రాత్రి గది కూడా పోయాయి. 6,000 తగ్గింది. ఆటోలు మాని బస్సులో తిరిగితే ఇంకో 1,000 తగ్గింది. మిగిలింది 14,000.

“నేను రాను. నా టికెట్టు కూడా కొట్టేయ్” అంది అవ్వ.

ఇంటామె పెన్సిలు కింద పెట్టింది. “నువ్వు గట్టున కూచోకూడదనే గదా అత్తా ఫిల్మ్ సిటీ పెట్టుకున్నది” అంది.

అవ్వ కొంచెంసేపు ఆలోచించింది. “అయితే నా పింఛనులో వెయ్యి రాసుకో. ఊరికే రాను” అంది.

ఇంకా 4,000 కావాలి. నెలకు వెయ్యి చొప్పున నాలుగు నెలలు దాచాలి. అంటే దసరా సెలవులకు పోవడం కుదరదు. సంక్రాంతి సెలవులకే. పెద్దపాప ముఖం మాడ్చుకుంది. మూడోసారి కూడా మాట తప్పినట్లేనా?

ఇంటాయన క్యాలెండరు తెచ్చాడు. జనవరి 10, శనివారం మీద గుండ్రంగా చుట్టాడు. “ఈసారి తేదీ రాసినా చూడు” అన్నాడు. పెద్దపాప ఏమీ అనలేదు. పోయి ఆ తేదీ కింద తన సంతకం చేసి, నాయనతో కూడా చేయించుకుంది.

అరవై రోజుల ముందు

రైలు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందు మొదలవుతుంది. ముందు 120 రోజులు ఉండేది. 2024 నవంబరు 1 నుంచి 60 చేశారు. పండగ రోజుల్లో బెర్తులు చూస్తుండగానే అయిపోతాయి. జనవరి 10న ఎక్కాలంటే నవంబరు 11న పొద్దున 8 గంటలకే కౌంటరు దగ్గర ఉండాలి.

కౌంటరులో ఒక ఫారం ఇస్తారు. ఒక ఫారంలో ఆరుగురి దాకా రాయవచ్చు. రైలు నంబరు, తేదీ, ఎక్కే స్టేషను, దిగే స్టేషను, పేర్లు, వయసులు రాయాలి. అవ్వకు కింది బెర్తు కావాలని రాయాలి. కింద సంతకం చేయాలి. తిరుపతి వైపు నుంచి కాచిగూడ పోయే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం పూట కోడూరుకు వస్తుంది. మరునాడు తెల్లవారి కాచిగూడ చేరుతుంది. రైళ్ల వేళలు మారుతుంటాయి కాబట్టి స్టేషన్‌లో అడిగి రాసుకోవాలి. తిరుగు ప్రయాణానికి ఇంకో ఫారం. పోయేదానికి చేసి వచ్చేదానికి మరిచిపోయి ఇబ్బంది పడేవాళ్లు ఉన్నారు.

పాత రోజుల్లో ఇంటామె ఇంకొకరి చేత ఫారం రాయించేది. ఇప్పుడు ముందుగా ఒక ఖాళీ ఫారం తెచ్చుకుని ఇంట్లో రాసి చూసింది. అబ్బోడి వయసు గడిలో తేదీ రాసింది. కొట్టేసి మళ్లీ రాసింది.

రోజుల లెక్క కూడా ఉంది. నెహ్రూ జంతుశాలకు సోమవారం సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఇది తెలియక గేటు దాకా పోయి వెనక్కి వచ్చేవాళ్లు ఎందరో. వీళ్లు ఆదివారం తెల్లవారి దిగుతారు. ఆ రోజు జంతుశాల, 1591లో కట్టిన చార్మినార్. సోమవారం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఫిల్మ్ సిటీ. ఆ రాత్రే రైలెక్కితే ఒక గది అద్దె మిగులుతుంది అన్నాడు ఇంటాయన. ఊరి బయటి నుంచి స్టేషన్‌కు పరుగెత్తాలి. రైలు తప్పితే గది అద్దె కన్నా ఎక్కువ పోతుంది. అందుకని మంగళవారం సాయంత్రం రైలు రాశారు. ఆ రోజు పగలు మ్యూజియం, హుస్సేన్‌సాగర్ మధ్యన ఉన్న బుద్ధుడు. ఒకే రాతిలో చెక్కిన ఆ విగ్రహాన్ని 1992 డిసెంబరులో అక్కడ నిలబెట్టారు.

ఇంటామె చివరగా రెండు చిన్న కాగితాలు కోసింది. పెద్దపాప పేరు, అబ్బోడి పేరు, నాయన ఫోను నంబరు, ఊరు పేరు రాసింది. జనంలో తప్పిపోతే యూనిఫారం వేసుకున్న మనిషికి చూపించమని చెప్పింది. ఆధార్ కార్డులతో పాటు సంచిలో పెట్టాలని క్యాలెండరు వెనక రాసుకుంది.

లెక్క చేయండి

ఒక కుటుంబం అక్టోబరు 15న రైలెక్కాలి. రిజర్వేషన్ ఏ రోజు మొదలవుతుంది?

8,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. పది నెలలకు వడ్డీ ఎంత?

మీ పిల్లల ఎత్తు గోడ మీద గీసి కొలవండి. ఇక్కడ రాయండి: …………